కవిత్వం వదిలేయనా, మట్టి వదిలేయనా?

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచి వచ్చింది. పేరు వద్దన్నారు. వయసు 38, ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. పుట్టి పెరిగింది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. నాన్నగారు తెలుగు మాస్టారు. ఇంటర్ నుంచీ కవిత్వం రాస్తున్నారు. ఎనిమిదేళ్ల కిందట సొంత డబ్బుతో ఒక సంపుటి వేసుకున్నారు, 500 కాపీల్లో సగం ఇంకా అటక మీదే ఉన్నాయట. అయిదేళ్ల కిందట ఆదివారం క్లాసులకు వెళ్లి మట్టి పని నేర్చుకున్నారు. మూడేళ్ల కిందట నాన్నగారు పోయారు. ఆ తర్వాతే చేసిన కప్పుల మీద మాటలు చెక్కడం మొదలైంది. ముందు నాన్నగారి నోట విన్న పద్యాలు, తర్వాత సొంత కవితలు. రెండేళ్ల కిందట ఈఎమ్‌ఐ మీద చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ (మట్టి పాత్రలు కాల్చే బట్టీ) కొని మేడ మీద గదిలో పెట్టుకున్నారు.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఇదీ. కవిమిత్రులు "కవిత్వాన్ని కప్పుల మీదికి దించేశావు, ఇక పత్రికలకు ఏం పంపుతావు" అంటున్నారు. మట్టి నేర్పిన గురువుగారు "కప్పు ఆకారమే మాట్లాడుతుంటే మళ్లీ దాని మీద రాతలెందుకమ్మా" అన్నారు. ఈలోగా ఒక కంపెనీ వాళ్లు 250 కప్పులు కావాలని వచ్చారు. మూడు నెలల గడువు, మీద చెక్కాల్సింది వాళ్లిచ్చే ఇంగ్లిష్ కొటేషన్లు. ఈఎమ్‌ఐ తీరిపోతుంది కదా, ఒప్పుకోమని భర్త అంటున్నారు. ఇక చివర్లో రెండే వాక్యాలు: నాన్నగారి మీద రాసిన 24 పంక్తుల కవితను నాలుగు సాయంత్రాలు కూర్చుని ఒక పెద్ద జాడీ భుజం చుట్టూ చెక్కారు, కాల్పులో అది పగిలింది, పెంకులు అట్టపెట్టెలో ఉన్నాయి. "అప్పట్నుంచి చెయ్యి ఆడట్లేదు. ఒకటి వదిలేస్తే మనసు కుదుటపడుతుందేమో. ఏది వదలాలో చెప్పండి" అని ముగించారు.

మీరు అడిగింది ఏది వదలాలని. ఉత్తరంలో నాకు కనిపించినవి మాత్రం నాలుగు వేరువేరు చిక్కులు. మిత్రుల మాట, గురువుగారి మాట, కప్పుల ఆర్డరు, నాన్నగారి జాడీ. నాలుగూ ఒక్కసారే మీద పడేసరికి అన్నీ కలిసి ఒకే ముడిలా అనిపిస్తున్నాయి. విడివిడిగా చూద్దాం. జాడీ సంగతి చివర్లో మాట్లాడుకుందాం. దాన్ని మీరు రెండు వాక్యాల్లో దాటేశారు గానీ, ఉత్తరం బరువంతా అక్కడే ఉంది.

ముందు మిత్రుల మాట. కప్పు మీదికి వస్తే కవిత్వం కిందికి దిగినట్టేనా? జపాన్‌లో, క్యోటో నగరంలో ఒతగాకి రెంగెత్సు అని ఒకావిడ ఉండేది. 1791లో పుట్టి 1875లో పోయింది. భర్తలను, కన్నబిడ్డలను పోగొట్టుకుని బౌద్ధ సన్యాసం తీసుకుంది. 1832లో పెంచిన తండ్రి కూడా పోయాడు. ఆ తర్వాతే, నలభై దాటాక, బతుకుతెరువు కోసం మట్టి పట్టింది. టీ గిన్నెలు, టీ కూజాలు చేత్తో ఒత్తి చేసి, తన కవితలనే వాటి మీద గీసేది. ఆ గిన్నెలు నున్నగా ఉండేవి కావు, వేళ్ల ఒత్తులు తెలిసేవి. అవి ఎంత పేరు తెచ్చుకున్నాయంటే, క్యోటోలో ఆవిడ పనికి నకళ్లు బయల్దేరాయి. ఈ రోజు ఆవిడను జపాన్ మంచి కవయిత్రిగానూ తలుచుకుంటుంది, మట్టి కళాకారిణిగానూ తలుచుకుంటుంది. తండ్రి పోయాక మట్టితో మాట కలిపిన మనిషి మీకంటే ముందే ఒకరున్నారని మీకు చెప్పాలనిపించింది.

ఇంకా వెనక్కి వెళ్తే చైనాలో తాంగ్ రాజుల కాలం నాటి ఛాంగ్షా బట్టీలు. అక్కడ తయారైనవి బజారు సరుకు, ఓడలకెత్తి దేశదేశాలకు అమ్మినవి. 1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర సముద్రంలో దొరికిన ఓడలో దాదాపు 60,000 మట్టి పాత్రలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఈ ఛాంగ్షా గిన్నెలే, ఒకదాని మీద క్రీ.శ. 826కు సరిపోయే తేదీ కూడా ఉంది. ఆ బట్టీల వాళ్లు కూజాల మీద గ్లేజు (కాల్పులో కరిగి గాజులా మెరిసే పూత) కింద కుంచెతో చిన్న చిన్న కవితలు రాసేవాళ్లు. రాసిన వాళ్ల పేర్లు లేవు. నువ్వు పుట్టినప్పుడు నేను పుట్టలేదు, నేను పుట్టేసరికి నీకు వయసు మళ్లింది అనే అర్థంతో సాగే ప్రేమ కవిత ఒకటి అలా ఒక కూజా మీద నుంచే ఈ కాలానికి చేరింది. ఆ కూజాను కొన్నవాడు అందులో పోసుకున్నది ద్రాక్షసారా కావచ్చు, నీళ్లు కావచ్చు. కవితకు దానివల్ల వచ్చిన తక్కువేమీ లేదు.

కాబట్టి "దించేశావు" అన్న మాటను మనసులోంచి తీసేయండి. అయితే మిత్రుల మాటలో ఒక నిజం ఉంది, దాన్ని మాత్రం ఉంచుకోండి. మీరు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. ఒక కప్పు మీద 11 పంక్తులున్నాయి. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి, మూడో పంక్తికే కళ్లు అలిసిపోయాయి. అది మీ సంపుటిలోంచి ఎత్తి తెచ్చిన కవిత అని తెలిసిపోతూనే ఉంది. కాగితం కోసం పుట్టిన కవితను మట్టికి అతికించారు. దాని పక్క ఫోటోలోనే బూడిద రంగు కప్పు ఒకటుంది. దాని నడుం చుట్టూ ఒకే వరుస: "వాన వెలిశాక కూడా చూరు మాట్లాడుతూనే ఉంది." పిడి సరిగ్గా "చూరు" తర్వాత పడింది. మిగతా మాట చదవాలంటే కప్పును తిప్పాలి. తిప్పుకుంటూ వెళ్తే "ఉంది" దగ్గర ఆగదు, మళ్లీ "వాన"లోకి వచ్చేస్తుంది. ఎవరైనా అటువైపు నుంచి అందుకుంటే "చూరు మాట్లాడుతూనే ఉంది, వాన వెలిశాక కూడా" అని చదువుకుంటారు. రెండూ బాగున్నాయి. ఏ మాట ముందొచ్చినా తెలుగు వాక్యం నిలబడుతుంది, ఆ వెసులుబాటు మన భాషలో ఉంది. గుండ్రటి వస్తువు మీద రాసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? మీరు కావాలని చేశారో, చెయ్యి అలా నడిచిందో తెలియదు గానీ, ఆ కప్పు మీద ఉన్నది కప్పు కోసమే పుట్టిన కవిత. నేను మీకు గట్టిగా చెప్పగలిగేది ఇదొక్కటే: ఆ రెండు కప్పుల మధ్య తేడాను పట్టుకోండి.

ఇంకోటి కూడా ఉంది. పత్రికలో కవితను ఒకసారో రెండుసార్లో చదువుతారు. కప్పు మీద వాక్యాన్ని పొద్దున్నే టీ తాగుతూ ఏడాదికి మూడొందల సార్లు చదువుతారు. మొదటిసారి ఒళ్లు జలదరింపజేసే వాక్యం నలభయ్యోసారికి బోరు కొట్టొచ్చు. కుమ్మరి ఇంట పుట్టిన మన ఆతుకూరి మొల్ల, తేనె తగలగానే నోరు తీయనైనట్టు కావ్యం అర్థం కావాలని చెప్పింది. కప్పు మీద కవితకు ఆ మాట ఇంకా బాగా నప్పుతుంది. పెదవి దగ్గర ఉండే మాట కదా.

ఇక్కడ మీ ముందు ఉన్న దారులు చెప్తాను. కాగితం కవితలు కాగితానికీ, చిన్న వాక్యాలు మట్టికీ అని రెండు నోటుబుక్కులు పెట్టుకోవచ్చు. ఇలా చేస్తే మిత్రులతో పేచీ ఉండదు, పత్రికలకు పంపడమూ ఆగదు. కాకపోతే ఆఫీసు, ఇల్లు, రెండు నోటుబుక్కులు అంటే ఏదో ఒకటి వెనకబడే నెలలు తప్పకుండా వస్తాయి, అందుకు సిద్ధపడాలి. లేదంటే పూర్తిగా కలిపేయొచ్చు: ఒక కవితకు పన్నెండు కప్పులు, ఒక్కో కప్పు మీద ఒక్కో పంక్తి. ప్రదర్శనకు పెడితే చూసేవాళ్లు నడుస్తూ చదువుతారు. అమ్మకానికి పెట్టారంటే మాత్రం కవిత పన్నెండు ఇళ్లకు చెదిరిపోతుంది. కొందరికి ఆ ఊహే నచ్చుతుంది. మీకు అది గుచ్చుకునేట్టయితే సెట్టుగా తప్ప ఇవ్వనని ముందే అనుకోండి. ఇంకో చిన్న పని చేసి చూడమంటాను: ఒకే ఒక మాట కప్పు అడుగున, లోపల. టీ అయిపోయాకే కనిపిస్తుంది. లోపల చెక్కొద్దు, గాడిలో టీ మరకలు చేరతాయి. ఛాంగ్షా వాళ్లలా కుంచెతో రాసి పైన పారదర్శకమైన గ్లేజు వేయండి.

గురువుగారి మాటకు వస్తాను. ఆయన అన్నది ఆయన తరహా పనికి నిజం. కానీ మన ఇళ్లలో పాత్ర ఎప్పుడు మూగగా ఉందని? పెళ్లికి కుమ్మరి ఇంటి నుంచి తెచ్చుకునే అయిరేని కుండల మీద సున్నం, రంగుల బొమ్మలు ఉండవా? మా అమ్మమ్మ ఇంట్లో ఒక స్టీలు చెంబు ఉండేది. మెడ కింద చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు, ఊరి పేరు, 1968 అని కొట్టి ఉండేది. నీళ్లు తాగడానికి ఎత్తితే నా బొటనవేలు సరిగ్గా ఆ పేరు మీదే పడేది. చదవడం రాకముందే ఆ చుక్కలు నా వేలికి తెలుసు. పాత్ర మీద అక్షరం అంటే నాకు అదే. కంటికంటే ముందు చేతికి అందాలి. గురువుగారితో వాదించకండి. చేసిన వాటిలో సగం కప్పులు మాట లేకుండా వదిలేయండి. ఏ కప్పు మాట అడుగుతోందో, ఏది వద్దంటోందో అప్పుడే తెలుస్తుంది. నాలుగు నెలల తర్వాత రెండు రకాలూ ఆయన ముందు పెట్టి, మాట అక్కర్లేనివి ఏరమనండి. ఆయన ఏరిన వాటి కంటే వదిలేసిన వాటిని చూడండి.

చెక్కడం గురించి రెండు మాటలు, ఎందుకంటే ఫోటోల్లో అక్షరాలు కొన్ని పూడిపోయాయి. స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి రాయిలా గట్టిపడే) మట్టి తడి నుంచి పూర్తి కాల్పు దాకా సుమారు 10 నుంచి 13 శాతం కుంచించుకుపోతుంది, అక్షరం కూడా దాంతోపాటే చిన్నదవుతుంది. దాని మీద గ్లేజు చిక్కగా పడితే మన లిపికి వచ్చే కష్టం ఇంగ్లిష్ అక్షరాలకు రాదు. మనకు చుక్కలోనూ, కింది చిన్న గీతలోనూ అర్థం ఉంటుంది. మీ కప్పు ఒకదాని మీద "కథ" కాస్తా "కద" అయిపోయింది. ఇంకోదాని మీద "బాధ"లో గీత పోయింది. అందుకే అక్షరాలు పెద్దవిగా, మాటలు తక్కువగా పెట్టండి. కింద ఒత్తులు కూర్చోవడానికి చోటు వదలండి. మట్టి ఆరీ ఆరనట్టు, తోలులా గట్టిపడ్డప్పుడు గీయండి. లేచిన రవ్వలను వెంటనే తుడవకుండా, పూర్తిగా ఆరాక మెత్తటి బ్రష్‌తో తీయండి, ముక్కుకు మాస్కు పెట్టుకుని. మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మన పెద్దవాళ్లు తాటాకు మీద గంటంతో గీసి, పైన మసి పూసి తుడిచేవాళ్లు. మసి గాడిలో మాత్రం నిలిచి అక్షరం నల్లగా తేలేది. బిస్క్ కాల్పు, అంటే గ్లేజు వేయకముందు చేసే మొదటి కాల్పు, అయిన కప్పుకు సరిగ్గా అదే పని ఐరన్ ఆక్సైడ్‌తో చేయొచ్చు: నీళ్లలో కలిపి పూయడం, స్పాంజితో తుడవడం. కప్పు బయటి వైపు మాత్రమే, పెదవి తగిలే అంచుకు దూరంగా. మొదటిసారి తుడిచినప్పుడు గాడిలోంచి మీ అక్షరం నల్లగా పైకి వస్తుంటే, తాళపత్రాలు రాసినవాళ్లు మీ పక్కనే కూర్చున్నట్టు ఉంటుంది.

ఇక 250 కప్పుల సంగతి. దీంట్లో కళ గురించి ఆలోచించే ముందు లెక్క వేద్దాం, అకౌంట్స్ మీకు నాకంటే బాగా వచ్చు. ఆదివారానికి పది కప్పులు చేయగలనని, కిల్న్‌లో విడతకు పాతిక పడతాయని రాశారు. 250కి పాతిక ఆదివారాలు కావాలి, మూడు నెలల్లో ఉండేవి పదమూడు. ఒక్కోదానికి రెండు కాల్పులు, అంటే మొత్తం 20 సార్లు కిల్న్ వెలిగించాలి. కప్పుకు 20 నిమిషాలు చెక్కినా 83 గంటలు చెక్కడానికే పోతాయి. పగిలేవీ వంకర పోయేవీ ఇందులో కలపలేదు. ఆఫీసుకు సెలవు పెట్టకుండా ఇది అయ్యే పని కాదు. మీవారికి ఈ కాగితం చూపించండి. ఆయన మీ మేలు కోరే అంటున్నారు, లెక్క చూస్తే ఆయనే ఒప్పుకుంటారు.

అయితే వద్దనడమొక్కటే దారి కాదు. 60 కప్పులు చేస్తాను, ధర ఇంత, పైన మాటలు నావే, తెలుగులో ఉంటాయి అని చెప్పి చూడొచ్చు. వాళ్లు వెళ్లిపోవచ్చు, అప్పుడు ఈఎమ్‌ఐ ఎప్పటిలాగే జీతంలోంచి కట్టుకోవాలి. ఒప్పుకుంటే డబ్బు తక్కువైనా అది మీ పనే అవుతుంది. లేదా కొటేషన్లను డెకాల్ అచ్చుగా (పాత్ర మీద అతికించి కాల్చే స్టిక్కరుగా) వేసే వాళ్లకు ఆ పని అప్పగించి, మధ్యలో కొంత మిగుల్చుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు, దాని మీద మీ ముద్ర వేయకుండా ఉంటే చాలు. ఒకటే జాగ్రత్త: ఆ కొటేషన్లు ఎవరివో అడగండి. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా రచన మీద హక్కు వారసులకో, హక్కు ఇచ్చినవాళ్లకో ఉంటుంది. వేమన పద్యమో, 1915లో పోయిన గురజాడ మాటో అయితే ఇబ్బంది లేదు. 1983లో పోయిన శ్రీశ్రీ పంక్తిని అమ్మే కప్పు మీద చెక్కాలంటే 2043 చివరి దాకా అనుమతి కావాల్సిందే. సినిమా పాటల పల్లవులు అడిగేవాళ్లు కూడా వస్తారు, అక్కడా ఇదే మాట.

ఇప్పుడు జాడీ.

అమెరికాలో, దక్షిణ కరోలినాలోని ఎడ్జ్‌ఫీల్డ్ ప్రాంతంలో డేవిడ్ డ్రేక్ అనే కుమ్మరి ఉండేవాడు. బానిస. బానిసలకు చదువు చెప్పడం నేరమని ఆ రాష్ట్రం 1834లో చట్టం చేసింది. ఆ చట్టం నడిచే కాలంలోనే ఆయన మాంసం ఊరబెట్టుకునే పెద్ద పెద్ద జాడీలు చేసి, తడి మట్టి భుజం మీద రెండు పంక్తుల పద్యం, తేదీ, "డేవ్" అని పేరు గీసేవాడు. కొన్ని జాడీలు 40 గ్యాలన్లవి, అంటే దాదాపు 150 లీటర్లు. 1857 ఆగస్టు 16న చేసిన ఒక జాడీ మీద, నా వాళ్లంతా ఎక్కడున్నారో అని అడిగి, అందరికీ స్నేహం చెప్పుకున్నాడు. అమ్ముడుపోయి చెల్లాచెదురైన మనుషుల గురించి ఆయనకు ఎన్ని పంక్తులు ఉండి ఉంటాయో ఆలోచించండి. అంత పెద్ద జాడీ మీద రెండే రాశాడు.

మీ 24 పంక్తులు ఎక్కువయ్యాయని నిందించడానికి ఇది చెప్పట్లేదు. నాన్న గురించి చెప్పుకోవాల్సినదంతా ఒక్క జాడీ మొయ్యాలనుకున్నారు. మూడేళ్లు మనసులో దాచుకున్నదంతా నాలుగు సాయంత్రాల్లో చెక్కారు. జాడీ పగిలినప్పుడు ఆయన రెండోసారి పోయినట్టు అనిపించి ఉంటుంది. చెయ్యి ఆడకపోవడం అందుకే. ఒకటి వదిలేస్తే కుదుటపడుతుందనుకుంటున్నారు గానీ, మట్టిని వదిలినా కవిత్వాన్ని వదిలినా ఆ అట్టపెట్టె ఇంట్లోనే ఉంటుంది. వదలాలని తర్వాత ఎప్పుడైనా నిజంగా అనిపిస్తే వదలండి, తప్పు లేదు. ఈ దుఃఖంలో మాత్రం ఆ నిర్ణయం తీసుకోకండి.

జాడీతో మూడు పనులు చేయొచ్చు. పెంకులను అలాగే ఉంచేయొచ్చు. అతికించుకోవచ్చు. అది మళ్లీ ఊరగాయకు పనికిరాదు గానీ, అల్మరాలో నాన్నగారి పుస్తకాల పక్కన ఉంటుంది. లేదా మళ్లీ చేయొచ్చు. చేస్తే, పెట్టె తెరవకముందే ఒక కాగితం తీసుకుని, ఆ కవితలో గుర్తున్న పంక్తులు మాత్రం రాయండి. రాత ప్రతి చూడొద్దు. మూడు గుర్తొస్తే మూడు, ఒకటే గుర్తొస్తే ఒకటి. కొత్త జాడీ మీదికి అవే వెళ్లాలి. మిగతావి పోలేదు, కాగితం మీద ఉన్నాయి, వాటిని పత్రికకు పంపండి.

ఆ తర్వాత పెట్టె తెరవండి. పక్కన మీవారినో, స్నేహితురాలినో కూర్చోమనండి. పెంకుల అంచులు వేలితో తడిమి చూడండి. గ్లేజు పగులు మీదికి కారి అంచు గుండ్రంగా మెత్తబడి ఉంటే, గ్లేజు కరిగే ముందే, అంటే ఆరేటప్పుడో బిస్క్‌లోనో వేడెక్కేటప్పుడో పగిలిందన్నమాట. నాలుగు సాయంత్రాలు చెక్కుతుంటే ఒక పక్క ఆరిపోయి ఇంకో పక్క తడిగా ఉండి ఉంటుంది. ఈసారి చెక్కని భాగాన్ని తడిగుడ్డ, పాలిథిన్ కవరు చుట్టి ఉంచండి, గాడిని భుజం చుట్టూ తెగకుండా తిప్పకుండా మధ్యమధ్య ఖాళీ వదలండి. అంచు గాజుపెంకులా పదునుగా ఉంటే చల్లారేటప్పుడు పగిలింది, కిల్న్ మూత తొందరగా తీశారేమో గుర్తు చేసుకోండి. వేలు తెగకుండా చూసుకోండి. ఏ అంచు ఎలా ఉందో ఫోటో తీసి పంపితే, తర్వాత ఏం చేయాలో కలిసి చూద్దాం.